ఇద్దరు కొడుకుల గొంగడి

నేను ఒక నల్ల గొంగడిని. కురుమ ఎల్లవ్వ తన గొర్రెల ఉన్నిని తానే వడికింది. పెనిమిటి నేశాడు, చింతగింజల గంజి పట్టించి ఎండలో ఆరేశాడు. ఆ ఏడే ఆయన పోయాడు. నేను చిన్నకొడుకు బీరయ్య భుజం మీదికి చేరాను.

దున్నే భూమి కోసం దొర మీద పోరు లేచినప్పుడు మా ఊరు రెండుగా చీలింది. బీరయ్య దళంలో కలిసి గుట్టలెక్కాడు. అన్న మల్లయ్య దొర ఉండే గడీలో కాపలాకు తుపాకి పట్టాడు. ఇద్దరూ ఒక్క తల్లి కాచిన గట్క తాగి పెరిగినవాళ్లే. గొర్రెల్ని పంచుకోవడానికి ఏడాదంతా తగవులాడే మనుషులు పగను మాత్రం ఒక్కపూటలో పంచేసుకుంటారు.

గుట్ట మీద బీరయ్యకు నేనే పక్క, నేనే గొడుగు. తంబాకు సంచి, చెకుముకి రాయి, తల్లి కట్టిన తాయెత్తు, నేను. అంతే అతని ఆస్తి. తోటివాడికి చలిజ్వరం వస్తే నన్ను వాడికి కప్పి, తాను ఆకుల్లో ముడుచుకునేవాడు.

ఒక పొద్దున వాగు దగ్గర గడీ మనుషులు చుట్టుముట్టారు, వాళ్లలో మల్లయ్య ఒక్కడే మా ఊరివాడు. తూటా తగిలి బీరయ్య ఒడ్డునే ఒరిగిపోయాడు. వాళ్లు అతని ఒంటి మీదివన్నీ తీసి పంచుకున్నారు. నన్ను మల్లయ్య అడిగి తీసుకున్నాడు. వీడెవడో ఎరికేనా అని జమేదారు అడిగితే, తమ్ముడి ముఖం చూస్తూ తెలియదన్నాడు. తెలుసంటే తననూ దళం మనిషి అంటారని భయం. శవాన్ని అక్కడే వదిలేసి వచ్చారు.

ఇంట్లో ఎల్లవ్వ నన్ను ఒళ్లో పెట్టుకుని వేళ్లతో తడిమింది.

"గిది యాడిది బిడ్డా?"

"అంగట్ల కొన్ననే అవ్వా."

తన చేతి నూలు తనకు తెలియదా? ఏడిస్తే నలుగురికీ తెలుస్తుంది, తెలిస్తే ఉన్న కొడుకూ దక్కడు. నోట్లో కొంగు కుక్కుకుని, నన్ను మడిచి గొర్రెల కొట్టంలో పెట్టింది.

ముసురు పట్టిన రోజుల్లో మల్లయ్యను వెతుక్కుంటూ దళం వచ్చింది. అతడు గడీలో ఉన్నాడు. తడిసి వణుకుతున్న నాయకుడు గట్టయ్య చేతిలో ఎల్లవ్వ నన్ను పెట్టింది.

"ఒక్కడే మిగిలిండు కొడుకా. వాన్ని ఇడిసిపెట్టుర్రి."

గట్టయ్య నన్ను భుజాన వేసుకున్నాడు. దళంతో గుట్టల వైపు నడిచాడు.

ఇప్పుడు గుట్ట మీద బండల చాటున ఉన్నాను. కింద గడీకి పోయే బాట కనిపిస్తోంది, మల్లయ్య రోజూ నడిచేది. వాన తగ్గలేదు. గట్టయ్య తాను తడుస్తూ కూర్చుని, తుపాకి తడవకుండా నన్ను దానికి కప్పాడు.