అక్క బిగించిన కంప్యూటరు

తన ఫొటో స్టూడియో మూసేశాక, ఇంట్లో గుట్టలుగా పడి ఉన్న పాత నెగెటివులన్నీ భద్రం చేయాలని అక్క తనంతట తానే ఒక కంప్యూటరు బిగించుకుంది. తయారుగా ఉన్నదే తీసుకోమని కొట్టతను ఎంత చెప్పినా వినలేదు. విడి భాగాలు తెచ్చి, భోజనాల బల్ల మీద పరిచి, ఓపిగ్గా కూర్చింది. తెర వెలిగేసరికి ఆమె సంబరం ఇంతా అంతా కాదు. అదీ కాసేపే. ఫొటోలు స్కాను చేస్తుండగానే తెర నీలంగా మారి అంతా ఆగిపోయింది.

వేడెక్కుతోందేమోనని పక్క రేకు తీసి బల్ల ఫ్యాను పెట్టింది. తీగలన్నీ పీకి మళ్లీ గుచ్చింది. సిస్టమంతా చెరిపేసి కొత్తగా ఎక్కించింది. దాని ధోరణి దానిదే. ఇక లాభం లేదని తమ్ముడికి ఫోను చేసింది.

తమ్ముడు లెక్కల మాస్టారు. చిన్నప్పుడు చేతికందిన ప్రతిదీ ఊడదీసేవాడని నాన్న ‘మెకానిక్కు’ అనేవాడు. జుట్టు నెరిసినా ఇంట్లో ఆ పేరు పోలేదు. అమ్మ పోయాక అక్కాతమ్ముళ్ల మధ్య తగాదా అంటూ ఏమీ లేదుగానీ, రాకపోకలు పలచబడ్డాయి.

ఆదివారం పొద్దున్నే వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాడు.

"ఎప్పుడు ఆగిపోతోందక్కా?"

"దానికి బుద్ధి పుట్టినప్పుడు."

"అది కాదు, ఏం చేస్తుంటే?"

"పెద్ద ఫొటో తెరిస్తే చాలు."

"అయితే నా అనుమానం మెమరీ మీదే. రెండు ముక్కలు పెట్టావుగా, దేనికదే పరీక్షిద్దాం."

ఆ పరీక్ష ఒక పట్టాన తేలేది కాదు. తెర మీద అంకెలు పరుగెడుతుంటే ఇద్దరూ చేసేదేమీ లేక కూర్చున్నారు.

"నాన్న తెచ్చిన మొదటి కంప్యూటరు గుర్తుందా?" అన్నాడు.

ఎలా మరిచిపోతుంది? ఆఫీసులో పారేస్తున్న డబ్బాలు మోసుకొచ్చి, నాన్న ముందుగదిలో నెలల తరబడి వాటితో కుస్తీ పట్టాడు. తీరా అది పనిచేశాక, వంటింట్లో మిక్సీ వేస్తే చాలు, టప్పున ఆరిపోయేది. "దానికి నేనంటే గిట్టదు" అనేది అమ్మ. మిక్సీ వేయబోతూ "వేసెయ్యనా?" అని కేకేసేది. "ఒక్క నిమిషం" అనేవాడు నాన్న. ఆ నిమిషం పూర్తయ్యేసరికి అమ్మ ఓపిక కాస్తా అయిపోయేది.

"నేను ఆటలో గెలిచే సమయానికి నువ్వు కావాలనే మిక్సీ వేసేదానివి."

"నేనా? నువ్వెంతకీ లేవకపోతే అమ్మే నా చేత వేయించేది."

తమ్ముడు తెల్లబోయాడు. "అమ్మా? అనవసరంగా ఇన్నేళ్లూ నిన్ను తిట్టుకున్నానే."

ఇద్దరూ కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వారు. అమ్మ గురించి ఇలా నవ్వుతూ మాట్లాడుకుని ఎన్నాళ్లయిందో అనుకుంది అక్క. మంచినీళ్ల నెపంతో లేచి వెళ్లింది.

తిరిగొచ్చేసరికి తెర నిండా ఎర్రటి గీతలు. రెండో ముక్కే పాడైంది. దాన్ని తీసేసి, మొదటి ముక్కతోనే స్కాను పెట్టారు. నెమ్మదిగానే అయినా ఆగకుండా సాగింది. ఎవరో కొత్త దంపతులు, ఇద్దరూ కళ్లు మూసుకుని, తెర మీద ప్రత్యక్షమయ్యారు.

"మంచి ఫొటోగ్రాఫరువే" అన్నాడు తమ్ముడు.

సాయంత్రం చెప్పులు వేసుకుంటూ, పాడైన ముక్కను జేబులో వేసుకున్నాడు. "దీన్ని మార్పించి వచ్చే ఆదివారం పట్టుకొస్తా."

అది కొన్న కొట్టు ఆమె ఉండే వీధి మలుపులోనే ఉంది. ఆ మాటే చెప్పబోయి ఊరుకుంది.

"పొద్దున్నే వచ్చెయ్. భోజనం ఇక్కడే" అంది.