నేపుల్స్ దాకా రైలు

గల్ఫ్‌లోని అల్ ఐన్ ఊళ్లో, సనోబర్ పనిచేసే ఇంట్లో వారం రోజులుగా రైళ్ల మాటే. జూరిచ్‌లో ఎక్కి, ఆల్ప్స్ కొండలు దాటి, మిలాన్, రోమ్ చూసుకుంటూ నేపుల్స్ దాకా వెళ్లాలని మేడం భోజనాల బల్ల మీద పటం పరిచి గీతలు గీస్తోంది. వీల్‌చైర్‌లో ఉన్న ముసలి తల్లినీ తీసుకెళతారట. అక్కడ ఆమెకో నర్సును మాట్లాడారు. అందుకే ఇక్కడ ఆమెను చూసుకునే సనోబర్‌కు నెల్లూరు వెళ్లడానికి సెలవు దొరికింది. ఏళ్ల తరబడి చూడని కూతురి కోసం అప్పుడే గౌన్లు కూడా కొనిపెట్టుకుంది.

ఒక మధ్యాహ్నం కాళ్లకు నూనె రాస్తుంటే పెద్దావిడ ఆమె చెయ్యి పట్టుకుంది. "నాకా రైలు వద్దు బేటీ. దారిలో పోతే ఆ చలినేలలోనే పూడ్చేస్తారు. నా కూతురు ఎంత ఆశపడుతోందో చూశావుగా, దానికెలా చెప్పను?" అని వచ్చీరాని హిందీలో ఏడ్చింది.

నోరు మూసుకుంటే సెలవు దక్కుతుంది. కానీ సనోబర్ ఊరుకోలేకపోయింది. మర్నాడు మేడంకి చెప్పేసింది. మేడం గీతలు గీసిన పటం మడిచేసింది.

"ఖలాస్. అమ్మ ఇక్కడే ఉంటుంది. నువ్వూ ఉండాలి సనోబర్. నిన్ను తప్ప ఎవరినీ దగ్గరికి రానివ్వదు" అంది.

సాయంత్రం నెల్లూరుకు ఫోన్ చేస్తే అక్క నాజియా కసిరింది. "నిన్నెవరు చెప్పమన్నారే? గమ్మునుంటే సరిపోయేది గదా!"

"ఆ యమ్మ ఏడస్తా ఉంటే చూళ్లేకపోయినా ఆపా."

నాజియా తన దగ్గర పెరుగుతున్న సనోబర్ కూతురికి ఫోనిచ్చింది. "ఎవరు?" అంది పాప.

"అమ్మీని" అంది సనోబర్. రాలేనన్న మాట మాత్రం, ఫోన్ మళ్లీ అందుకున్న నాజియానే పాపకు చెప్పమంది.