పుట్టి కట్టుకునే చోటు

తమిళనాడు ధర్మపురి జిల్లాలో ఏరియూరు దాటి కావేరి వైపు దిగితే, మేట్టూరు ఆనకట్ట నీళ్ళు వెనక్కి తన్ని నిలిచే చోట ఒక రేవు ఉంది. ఊళ్ళో అందరూ దాన్ని పరిసల్ తురై అంటారు. పంచవర్ణం వాళ్ళింట్లో మాత్రం రేవు అనే అంటారు, పరిసల్‌ను పుట్టి అంటారు; వెదురుతో అల్లిన గుండ్రటి పడవ అది. ఆ ఇంట్లో తెలుగు అక్షరం చదవగలిగినవాళ్ళు ఒక్కరూ లేరు గానీ, తెలుగులో తిట్టడం అందరికీ వచ్చు.

పంచవర్ణం ముప్పై ఏళ్ళుగా ఆ రేవులో పుట్టి నడుపుతోంది. అవతలి ఒడ్డు సేలం జిల్లా. బస్సులో పోతే కొండలు చుట్టుకుని సగం రోజు. పుట్టిలో అయితే వక్కాకు నమిలి ఊసినంత సేపు. అందుకే సంతకు పోయేవాళ్ళు, చుట్టాలింటికి పోయేవాళ్ళు అందరూ ఆ రేవుకే వస్తారు.

ఆమె మొగుడు జయరామన్ పుట్టి అల్లుతాడు. వెదురు బద్దలు చీల్చడంలోనూ, అడుగున తారు పట్టించడంలోనూ అతనికి సాటి వచ్చేవాడు ఆ చుట్టుపక్కల లేడు. అయితే అతనికి నీళ్ళంటే భయం. తానల్లిన పుట్టిలో తాను ఒక్కసారీ ఎక్కలేదు. ఎవరైనా అడిగితే, "చెప్పులు కుట్టేవాడు అందరి చెప్పులూ తొడుక్కొని తిరుగుతాడా ఏమి?" అంటాడు.

వానలు పడే ఐప్పసి నెలలో ఒక గురువారం పొద్దున ఇద్దరూ రేవుకు వచ్చేసరికి రేవు లేదు. అంటే నీళ్ళున్నాయి, ఒడ్డూ ఉంది. కానీ రేవున్న మేరా ఇనప కంచె లేచింది. పుట్లు కట్టుకునే ఐదు రాళ్ళను ఎవరో పెరికి ఒక మూల కుప్ప పోశారు. నడుము ఎత్తు రాళ్ళు అవి. తాళ్ళు ఒరిసి ఒరిసి మెడల దగ్గర సన్నబడి ఉంటాయి. ఊళ్ళోవాళ్ళ పుట్లు పదకొండూ పక్కన బోర్లా పడి, తారు పూసిన పూరీల్లా కనిపించాయి. కంచెకు ఒక కొత్త బోర్డు: ఇక్కడ పడవలు, పరిసళ్ళు నిలుపరాదు. బోర్డు కింద ప్లాస్టిక్ కుర్చీ. కుర్చీలో విజిల్ నోట్లో పెట్టుకుని ఒక వాచ్‌మన్.

అతని పేరు దినకరన్. అక్కడ పార్కు కడుతున్నారనీ, కాంట్రాక్టరు తనను కాపలా పెట్టాడనీ తమిళంలో చెప్పాడు.

"నిలపకుంటే జనాన్ని ఎట్ల దించేది?" అని పంచవర్ణం కూడా తమిళంలోనే అడిగింది.

"దించవచ్చమ్మా. నిలపకూడదు."

పంచవర్ణం మొగుడి వైపు తిరిగి తెలుగులో అంది: "ఈ మూతికి విజిల్ ఒగటి తక్కువైంది."

దినకరన్ నోట్లోంచి విజిల్ తీశాడు. "అక్కా, మాది బొమ్మిడి. మేమూ ఇంట్లో తెలుగే."

పంచవర్ణం ఒక్క క్షణమే తడబడింది. "అయితే ఇంగా మేలు. మనసారా తిట్టచ్చు."

"తిట్టక్కా, నేనేమీ అనుకోను. రాళ్ళు పెరికింది మిషను. బోర్డు రాసింది పెయింటరు. ఈడ కూచునేది ఒగటే నా పని."

దించవచ్చు, నిలపకూడదు. సరే, ఆ మాట ప్రకారమే చేసి చూద్దామనుకుంది పంచవర్ణం. ఆ రోజే అవతలి ఒడ్డు నుంచి, వరసకు అత్త అయ్యే చిన్నత్తాయిని ఎక్కించుకుని వచ్చింది. చిన్నత్తాయి భారీ మనిషి. చేతిలో రెండు కోళ్ళున్న బుట్ట. పుట్టి గుండ్రంగా ఉంటుంది కదా, తాడు కట్టకపోతే అది ఒక చోట ఉండదు, తిరుగుతుంది. చిన్నత్తాయి ఎడమ కాలు ఒడ్డు మీద పెట్టింది. కుడి కాలు పుట్టిలో ఉంది. పుట్టి కదిలింది. రెండు కాళ్ళ మధ్య కావేరి కొంచెం కొంచెంగా వెడల్పయింది.

"పంచవర్ణం, నిలపవే!"

"నిలపకూడదంట అత్తా!"

చిన్నత్తాయి నీళ్ళలో కూర్చుంది. కోళ్ళు ఎగిరి కంచె దాటి, పార్కులో ఆ పొద్దునే నాటిన పూల మొక్కల్లో దిగాయి. దినకరన్ వాటి వెనక విజిల్ ఊదుతూ పరుగెత్తాడు. విజిల్‌కు కోళ్ళు ఆగవని అతనికి ఆ రోజే తెలిసింది.

మరునాడు పంచవర్ణం పుట్టిని కంచె చివర దాటాక ఉన్న ఒక సీమతుమ్మ చెట్టుకు కట్టి, సంకటి తినడానికి ఇంటికి పోయింది. తిరిగొచ్చేసరికి చెట్టు లేదు, పుట్టి లేదు. వానకు నానిన మట్టిలోంచి చెట్టు వేళ్ళతో సహా ఊడి, పుట్టితో కలిసి ప్రయాణం కట్టింది. అవతలి ఒడ్డున దొరికింది. ఒక మేక పుట్టిలో ఎక్కి నిలబడి, కొమ్మలకున్న కాయలు తీరిగ్గా తింటోంది.

మూడో రోజు నుంచి పుట్టిని ఇంటికి మోసుకుపోవలసి వచ్చింది. జయరామన్ దాన్ని నెత్తిన బోర్లించుకుని నడిచేవాడు. వెనక నుంచి చూస్తే ఒక పెద్ద నల్ల గొడుగుకు కాళ్ళు మొలిచి వెళ్తున్నట్టుండేది. కుక్కలు వెంటపడేవి. అతనికి ముందు ఏముందో కనిపించేది కాదు. రెండుసార్లు పక్కింటి వాకిట్లోకి వెళ్ళాడు. ఇంటి తలుపులో పుట్టి పట్టదు కాబట్టి వీధిలో పెట్టేవారు. టౌన్ బస్సు వచ్చినప్పుడల్లా డ్రైవరు హారన్ మీద చెయ్యి తీసేవాడు కాదు. మిగతా పది పుట్లవాళ్ళదీ అదే గతి. కొందరు పని మానేసి కూలికి పోవడం మొదలుపెట్టారు.

వాళ్ళ కూతురు కీర్తిక ఏరియూరులో ఒక కంప్యూటర్ సెంటర్లో పని చేస్తుంది. ఆ అమ్మాయే ఆన్‌లైన్లో మను పెట్టింది. అక్కడ అర్జీని మను అనే అంటారు.

"ఏ సమస్య అని పెట్టినావు?" అని జయరామన్ అడిగాడు.

"అందులో ఉండేవాటిలో ఒగటి ఎంచుకోవాల నైనా. తాగే నీళ్ళు, కరెంటు, రేషన్ కార్డు, వాహనాల పార్కింగ్. పుట్టి అనేది లేదు. పార్కింగ్ పెట్టినాను."

రెండు వారాలకు ధర్మపురిలోని ఒక ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. సోమవారం పదకొండు గంటలకు సదరు వాహనంతోనూ, పత్రాలతోనూ నేరుగా హాజరు కావాలని.

"అది అందరికీ రాసేదే నైనా. ఫోటో చాలు," అంది కీర్తిక.

"వాహనంతో అని రాసినారు," అన్నాడు జయరామన్. "గవర్మెంటు ఊరికే రాస్తుందా?"

చివరికి అతని మాటే నెగ్గింది. మొగుడూ పెళ్ళామూ ఒక చిన్న వ్యానులో పుట్టిని నిలువుగా నిలబెట్టి, తాళ్ళతో బిగించి, ధర్మపురికి బయలుదేరారు. దారిలో టీ కొట్లవాళ్ళు అది డిష్ యాంటెనా అనుకున్నారు.

ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి పుట్టి చుట్టూ రెండుసార్లు తిరిగి, బాగా ఆలోచించి, టూ వీలర్ టోకెన్ ఇచ్చి స్కూటర్ల వరసలో పెట్టమన్నాడు. లోపల ప్రభు అనే గుమాస్తా ఫారం తీసుకుని బయటికి వచ్చాడు. కుర్రవాడు, కొత్తగా చేరినవాడు. ఫారంలో ఒక్క గడి కూడా ఖాళీగా వదలకూడదని పై అధికారి చెప్పి ఉన్నారు.

"నంబర్ ప్లేటు?"

"ముందు పెట్టాలా, వెనకా?" అని జయరామన్ అడిగాడు.

"రెండు వైపులా."

"దీంట్లో ముందు ఏదో మీరు చెప్పండి సార్, పెట్టిస్తాను."

ప్రభు పుట్టి వైపు చాలాసేపు చూసి, ఆ గడిలో ఒక సున్నా చుట్టాడు. అది జవాబులాగానూ ఉంది, పుట్టి బొమ్మలాగానూ ఉంది.

"ఇంధనం?"

"రాగి సంకటి," అంది పంచవర్ణం. "పొద్దున ఒగ ముద్ద."

అప్పుడే వాన మొదలైంది. ధర్మపురిలో అలాంటి వాన ఏడాదికి ఒకటో రెండో వస్తుంది. ఆఫీసు ఆవరణ పల్లం. గేటుకు ముందు కాలువ పనికని మూతలు తీసి పెట్టారు. గంట తిరిగేసరికి మెట్ల నుంచి గేటు దాకా తొడల లోతు బురద నీళ్ళు. కాలువ ఎక్కడుందో, నేల ఎక్కడుందో తెలియడం లేదు. అర్జీలు తెచ్చిన జనం, ఆఫీసు జనం అంతా మెట్ల మీద ఇరుక్కుని నిలబడ్డారు. నీళ్ళలో దిగడానికి ఎవరికీ ధైర్యం లేదు. స్కూటర్లు సగం మునిగాయి. పుట్టి మాత్రం లేచి, తేలి, నిదానంగా మెట్ల దగ్గరికి వచ్చి ఆగింది.

పంచవర్ణం చీర కుచ్చిళ్ళు దోపుకుని తెడ్డు అందుకుంది. "ఎవరు వస్తారు?"

ముందు పళనియమ్మాళ్ అనే ముసలావిడ ఎక్కింది. పెన్షన్ సంగతి అడగడానికి వచ్చిన మనిషి, బస్సు తప్పిపోతుందని ఏడుపు మొహంతో ఉంది. ఆమె వెనక ఇంకో ముగ్గురు. గేటు దగ్గర పుట్టిని ఆపి పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి.

"నువ్వు రాయ్యా," అని పంచవర్ణం మొగుణ్ణి పిలిచింది.

"నేనా?"

"నిలబడితే తొడ దాకా వచ్చే నీళ్ళు!"

"కాలవ యాడుందో నీకు తెలుసా?"

"తెలీదు. దానికే కదా పుట్టి."

మెట్ల మీద నలభై మంది చూస్తున్నారు. జయరామన్ ఎక్కాడు. ఎక్కిన వెంటనే అడుగున కూర్చుని, రెండు చేతులా అంచు పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. గేటు వచ్చాక ఒక కన్ను మాత్రం తెరిచి, గేటు కడ్డీని వాటేసుకున్నాడు. పళనియమ్మాళ్ అతని భుజం మీద చెయ్యి వేసి దర్జాగా దిగింది.

నాలుగో విడతలో ప్రభు పై అధికారి కలైవాణి ఎక్కారు. ఎదుటి భవనంలో ఆమెకు మీటింగ్ ఉంది, పైవాళ్ళు అప్పటికే మూడుసార్లు ఫోన్ చేశారు. ఆమె చంకలో ఫైళ్ళు, చేతిలో చెప్పులు. అప్పటికి జయరామన్ గేటు కడ్డీ వదిలి, ఎత్తుగా ఉన్న రోడ్డు గట్టు మీద కూర్చుని ఊపిరి పీల్చుకుంటున్నాడు. పుట్టి గేటు చేరింది. కలైవాణి ఒక కాలు చాచారు. పుట్టి పక్కకు జరిగింది. ఆమె కాలు వెనక్కి తీసుకున్నారు. పుట్టి తిరగడం మొదలుపెట్టింది. ఆమెకు గేటు కనిపించింది, తరువాత ఆఫీసు, మళ్ళీ గేటు, మళ్ళీ ఆఫీసు. మూడో చుట్టుకు ఒక ఫైలు నీళ్ళలో పడింది.

"దేనికైనా కట్టమ్మా దీన్ని!" అని ఆమె తమిళంలో అరిచారు.

"దేనికి కట్టేది మేడం?" అంది పంచవర్ణం తెడ్డు వేస్తూనే. "రాయి లేదు, గుంజ లేదు. మా రేవులో ఉన్న ఐదు రాళ్ళూ పెరికేసినారు. అది చెప్పేదానికే పొద్దున్నుంచి మీ వాకిట్లో నిలబడి ఉండాము."

ఆ మాటలో వెటకారం లేదు. నిజంగానే ఆమె అది చెప్పడానికే వచ్చింది, ఇప్పుడు సందు దొరికింది. జయరామన్ లేచి తాడు అందుకుని లాగి పట్టాడు. కలైవాణి మోకాళ్ళ మీద పాకినట్టుగా గట్టెక్కారు. చీర పిండుకున్నారు. తరువాత అడిగారు: "మీ రేవులో ఇలా రోజుకు ఎంతమంది దిగుతారు?"

"సంత రోజు అయితే మూడు నూర్లు. చూలాండ్లు కూడా వస్తారు మేడం."

మరుసటి వారం ఆమె స్వయంగా రేవుకు వచ్చారు. కాంట్రాక్టరు ప్లాను విప్పి చూపించాడు. కుర్చీలు, దీపాలు, ఊయలలు. రాళ్ళు పెరికిన చోట ఒక పెద్ద సిమెంటు పరిసల్ రాబోతోంది, జనం ఎక్కి సెల్ఫీ తీసుకోవడానికి.

"సిమెంటు పరిసల్‌కు చోటుంది, నీళ్ళమీద పోయే పరిసల్‌కు లేదా?" అని అడిగారు కలైవాణి.

కాంట్రాక్టరు ప్లాను అటు తిప్పి, ఇటు తిప్పి చూశాడు. రాళ్ళున్న ఐదు చోట్లలో మూడింట అప్పటికే కాంక్రీటు పోసేశామని మాత్రం అన్నాడు.

నెల తరువాత ఉత్తరువు వచ్చింది. కంచెలో పది అడుగుల దారి వదలాలి, రెండు రాళ్ళు తిరిగి నాటాలి. ఉత్తరువు పైన విషయం అనే చోట 'ద్విచక్ర వాహనాల నిలుపుదల' అని ఉంది. కీర్తిక చదివి నవ్వితే, "ఏ పేరైనా పరవాల్లేదు, రాయి రానీ," అంది పంచవర్ణం. రాళ్ళు నాటిన రోజు దినకరన్ కుర్చీ వదిలి గడ్డపార పట్టాడు. ఎవరూ అడగలేదు. పంచవర్ణం అతనికి ఇంటి నుంచి చేపల పులుసు తెచ్చి పెట్టింది. ఆమె మొదటి రాయికి తాడు చుట్టి ముడి బిగించింది. ఎవరూ చూడకుండా మొహం కడుక్కుంది.

ఆ సంబరం రెండు రోజులే. రాళ్ళు రెండు, పుట్లు పదకొండు. ఒక పుట్టికి ఇంకో పుట్టి, దానికి మరొకటి కట్టుకుంటూ పోతే నీళ్ళలోకి తోక పెరిగింది. చివరి పుట్టిలో వచ్చిన మనిషి ఒడ్డు చేరాలంటే ఐదు పుట్లు దాటాలి. సంత రోజు మూటలతో అలా దాటుతూ వచ్చిన చిన్నత్తాయి, ఒడ్డెక్కి నడుము మీద చెయ్యి వేసుకుంది.

"ఏమే పంచవర్ణం, రేవు తెస్తానని సర్కస్ తెచ్చినావే!"

"ఇంగా మూడు రాళ్ళు రావాల్సి ఉండాది అత్తా. కీర్తికా, ఇంకో మను పెట్టు. ఈ తూరి పదకొండు పుట్లూ ధర్మపురికి ఎత్తకపోదాము."

"పదకొండా? అన్నీ ఎట్ల పడతాయమ్మా వ్యానులో?" అంది కీర్తిక.

పక్కన వెదురు చీలుస్తున్న జయరామన్ తల ఎత్తకుండానే చెప్పాడు: "గిన్నెల మాదిరి ఒగదాంట్లో ఒగటి పెడితే ఒగే వ్యాను. బయటిది పెద్దదిగా ఉండాల, అంతే. దాన్ని నేను ఈ వారంలో అల్లేస్తాను."