మిగిలిపోయిన రాయి

లెక్కల మాస్టారి భార్యకి పిత్తాశయంలో రాళ్ళున్నాయని ఆ సంచినే తీసేశారు, పీడా వదిలిందనుకున్నారు. తీరా రెండు వారాలకు ల్యాబ్ నుంచి కబురొచ్చింది: ఆ సంచిలో క్యాన్సర్ ఉందట. అంతవరకూ ఎవరికీ అనుమానమే లేదు, కోసిన సర్జన్‌తో సహా.

"సంచి గోడలోకి పాకింది," అన్నాడు సర్జన్, మాస్టారిని కూర్చోబెట్టి. "దాన్ని ఆనుకున్న కాలేయం ముక్క, చుట్టూ ఉన్న లింఫ్ గ్రంథులు కూడా తీసెయ్యాలి. త్వరగా చేస్తే నయమయ్యే అవకాశం బాగానే ఉంది. మీ ఆవిడకి చెప్పి తీసుకురండి."

మాస్టారు తిన్నగా అక్కగారి దగ్గరకెళ్ళారు. వంశంలో అబద్ధాలన్నిటికీ ఆవిడే మేస్త్రీ.

"క్యాన్సరంటే హడలి చస్తుందిరా. ఒక రాయి మిగిలిపోయిందని చెప్పు."

చెప్పారు. డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెప్పే భార్య తాపీగా విన్నది.

"ఒక్కటేగా? ఉండనివ్వండి. అన్ని రాళ్ళతో కాపురం చేసినదాన్ని, ఒక్కదానితో చెయ్యలేనా?"

"పెద్దదిట."

"పెద్దదైతే మొదటిసారే కనబడేదిగా! ముందు ఆ డాక్టర్ని కళ్ళు చూపించుకోమనండి."

ధైర్యం చెడకూడదని ఆడిన అబద్ధం ఆవిడకి లేనిపోని ధైర్యం తెచ్చిపెట్టింది. రోజులు గడుస్తున్నాయి. "ఇంకా ఆలస్యమైతే నా చేతుల్లో ఉండదు," అని సర్జన్ ఫోన్ చేశాడు.

ఆ సాయంత్రం మాస్టారు డ్రైవింగ్ స్కూలుకే వెళ్ళి, ఆగి ఉన్న కారులో భార్య పక్కన, నేర్చుకునేవాళ్ళ సీట్లో కూర్చున్నారు. స్టీరింగు పట్టుకుని, ఎదురుగా గోడకేసి చూస్తూ ఉన్నదంతా చెప్పేశారు.

ఇంజన్ ఆగే ఉంది. అయినా ఆవిడ కాలు, నేర్పేవాళ్ళ కోసం తనవైపు పెట్టిన రెండో బ్రేకు మీదికి పోయింది.

"ఇంత తెలివి మీది కాదు. వదినగారిదా?" అంది.

"ఊఁ."

"డాక్టరుకి ఫోన్ కలపండి. నేను మాట్లాడతాను."

రెండో ఆపరేషనూ అయింది. రిపోర్టు వచ్చాక సర్జన్ అలవాటుగా మాస్టారిని వరండాలోకి పిలిచాడు. ఆయన కదలలేదు. "ఆవిడకే చెప్పండి. నేను పక్కన నిలబడి వింటాను."

కాలేయం ముక్క శుభ్రంగా ఉందట. ఒక గ్రంథిలో మాత్రం కాస్త కనబడిందట. కొన్ని నెలలు మందులు వాడాలట.

"మళ్ళీ వస్తుందా?" అని అడిగింది ఆవిడ.

"రావచ్చు, రాకపోవచ్చు. చూసుకుంటూ ఉండాలి."

"ఈ మాట బాగుంది."

"ఏం బాగుందే?" అన్నారు మాస్టారు, కళ్ళు తుడుచుకుంటూ.

"నిజంలా ఉంది. ముందు మీరు కూర్చోండి."