ఊదుడు బాబాయి ఆఖరి సంచి

వందో సంచి చేతికి రాగానే బాబాయి దాని మూతిని రెండు పిడికిళ్ళతో దగ్గరకు లాగి, పెదాలకు ఆనించి ఊదాడు. ఒక్క గుక్కలో పొంగింది. మూతి మెలిపెట్టి, సంచిని చెంపకు ఆనించుకుని మెల్లగా నొక్కాడు. అతుకులో సూదిమొనంత బెజ్జం ఉన్నా చెంపకు చల్లగా తగులుతుంది. తగల్లేదు. దాన్ని వదిలేసి మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టాడు.

ముప్పయ్యొక్క ఏళ్ళుగా ఇదే పని, వందకొకటి ఊదడం. అందుకే ప్లాస్టిక్ సంచుల కార్ఖానాలో అందరికీ ఆయన ఊదుడు బాబాయి. అసలు పేరు హాజరుపట్టీకి తప్ప ఎవరికీ అక్కర్లేకపోయింది. మనిషి వెదురుబద్ద. ఊదీ ఊదీ బుగ్గలు మాత్రం వదులై ఖాళీ జోలెల్లా వేలాడేవి. ఆయన ఊదిన సంచి మీద ఓ పిల్లి మూడు రోజులు పడుకుని పిల్లల్ని కూడా పెట్టిందని చెప్పుకునేవారు. మూడు రోజులన్నది శుద్ధ అబద్ధం. రెండే.

మొదట ప్రభుత్వం పల్చటి సంచులు కూడదంది. బాబాయి వేళ్ళు కొత్త మందం నేర్చుకున్నాయి. ఇంకా మందం కావాలంది. మళ్ళీ నేర్చుకున్నాయి. ఈసారి మందమూ లేదు పల్చనా లేదు, అసలు సంచే వద్దంది. ఇవాళ్టితో యంత్రాలు ఆఖరు. పక్క షెడ్డులో గుడ్డసంచులు కుట్టే మిషన్లు దింపారు. పాతవాళ్ళలో ఆరుగురినే అటు తీసుకుంటారట. మిగతావాళ్ళు నెలాఖరుకల్లా కార్ఖానా వెనక గదులు ఖాళీ చెయ్యాలి. బాబాయి, పిన్ని ఉండేది అలాంటి గదిలోనే. పిన్నికి కాళ్ళు పడిపోయి నాలుగేళ్ళు. మంచం, మంచం పక్క కిటికీ, అంతే ఆవిడ లోకం.

పొద్దున బయల్దేరుతుంటే ఆవిడ హెచ్చరించింది.

“ఏమయ్యా, ఇవాళ నోరు మూసుకుని పని చెయ్యి.”

“నోరు మూసుకుంటే నా ఉద్యోగం ఎలా సాగుతుందే?”

“ఆ ఉద్యోగమేగా పోతున్నది! ఊపిరి బాగానే ఆడుతోందని చెప్పు. దగ్గొస్తే మింగు.”

ఆ కిటికీ కిందే మురుగుకాలవ. వానొస్తే కాలవ నిండా సంచులు అడ్డుపడి, నీళ్ళు గుమ్మం దాటి మంచంకోళ్ళ దాకా వచ్చేవి. బాబాయి కర్రతో వాటిని లాగేవాడు. ఎన్ని ఊళ్ళు తిరిగొచ్చినా తన కార్ఖానా అతుకు తనకు తెలియదా? “పుట్టింటి దారి మర్చిపోలేదన్నమాట!” అనేవాడు. ప్రభుత్వానిది తప్పని మాత్రం ఆయన ఏనాడూ అనలేదు.

మధ్యాహ్నం యంత్రం ఆపేశారు. ఆఖరున రాలిన సంచి వందోది కాదు, అరవై రెండోది. అయినా బాబాయి ఊదాడు. మూతికి దారం కట్టి బల్ల మీద పెట్టాడు. అప్పుడే మేస్త్రీ వచ్చాడు, ఒకప్పుడు బాబాయి చేతికింద పని నేర్చినవాడే.

“బాబాయ్, రా. అయ్యగారు పిలుస్తున్నారు. నువ్వైతే పనికొస్తావని చెప్పాను, నా పరువు తియ్యకు.”

షెడ్డులో యజమాని గుడ్డసంచుల మూట చూపించాడు. “వందకొకటి తీసి కుట్టు చూడాలి. నీకు కొత్తేం కాదుగా.”

బాబాయి ఒకటి తీశాడు. కుట్టు వెంట వేలు నడిపాడు. “ఇక్కడ దారం తప్పిందయ్యా.” యజమాని తలాడించాడు. మేస్త్రీ కన్ను గీటాడు. గది నిలబడినట్టే.

రెండోది తీశాడు. అలవాటు పడ్డ చేతులు ఆయన్ని అడగలేదు. మూతి దగ్గరకు లాగి, పెదాలకు ఆనించి ఊదాడు. ఊపిరి నేత సందుల్లోంచి అటే పోయింది. సంచి కదల్లేదు. బెజ్జం ఉందనుకుని ఇంకా గట్టిగా ఊదాడు.

షెడ్డంతా గొల్లుమంది. బాబాయీ నవ్వబోయాడు. నవ్వు దగ్గయింది. మింగాడు, ఆగలేదు. ఎంతకీ ఆగకపోయేసరికి చుట్టూ నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. యజమాని ఇంకో మూట వైపు తిరిగి, “ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకోవయ్యా, పెద్దవాడివైపోయావు,” అన్నాడు.

బాబాయి ఇంటికి వెళ్ళలేదు. పిన్నికి ఆ మాట చెప్పాలంటే ముందు ఊపిరి అందాలి. ఆగిన యంత్రం దగ్గరికెళ్ళి తన స్టూలు మీద కూర్చున్నాడు.

సాయంత్రం తాళం వెయ్యడానికి మేస్త్రీ వచ్చేసరికి ఆయన బల్ల మీదికి వంగి, ఆఖరి సంచికి చెంప ఆనించి ఉన్నాడు. అతుకు చూస్తున్నప్పుడు పలకరిస్తే బాబాయి తిడతాడు. అందుకని మేస్త్రీ కాసేపు గుమ్మంలోనే ఆగాడు. తర్వాత, “బాబాయ్,” అన్నాడు. ఇంకోసారి అన్నాడు.

నెలాఖరున పిన్నిని తీసుకెళ్ళడానికి ఆవిడ చెల్లెలి కొడుకు బండి తెచ్చాడు. సామాను ఎక్కించాక, మేస్త్రీ తెచ్చిచ్చిన ఆఖరి సంచిని చూపించి, “కిటికీలో ఉన్న ఆ సంచి కూడా బండిలో పెట్టమంటావా పెద్దమ్మా?” అని అడిగాడు.

“వద్దురా. నిషేధం సరుకు, వీధిలోకి తెస్తే జరిమానా వేస్తారు,” అంది పిన్ని. అని మొహం తిప్పుకుంది.

తలుపు వేశారు. కిటికీలో సంచి, ఆయన బుగ్గల్లాగే కాస్త వదులైంది. దారం ముడి అలాగే ఉంది, లోపలి ఊపిరి ఇంకా ఉంది.