చప్పట్లు వద్దన్న సభ

క్లోతిల్డ్‌కి ముప్పై ఆరేళ్ళు. ఫ్రెంచి దేశంలోని రెన్ నగరంలో పాత పుస్తకాలకు అట్టలు కట్టి బతుకుతుంది, తన అద్దె తానే కట్టుకుంటుంది. అయినా వేదిక మీద సోలాంజ్ అనే మనస్తత్వ నిపుణురాలు ఆమెను "మన చిన్నారి క్లోతిల్డ్" అంది. పక్కనున్న డిప్యూటీ మేయర్ని "మీరు" అంది, క్లోతిల్డ్‌ని "నువ్వు" అంది. ఆ దేశంలో రొట్టెల కొట్టులో పిల్లని కూడా మీరు అనే పలకరిస్తారు. ఆటిజం ఉందంటే మాత్రం మీసాలు నెరిసినవాడైనా నువ్వే. ఏం మర్యాదో!

ఆ సాయంత్రం సభ పేరు "ఫ్రెంచి గొంతుకలు". ఫ్రెంచి మాట్లాడే పొరుగు దేశాల్లోని లియేజ్ నుంచీ, లోజాన్ నుంచీ కూడా ఆటిజం ఉన్నవాళ్ళు రైళ్ళెక్కి వచ్చారు. ఎక్కడో ఇంగ్లీషులో ఎవరో రాసింది చదువుకోవడమే గానీ, తమ భాషలో తమ గోడు తామే చెప్పుకునే రోజు ఇన్నాళ్ళకు వచ్చింది. క్లోతిల్డ్‌కు పది నిమిషాలు ఇచ్చారు. చిన్నప్పుడు ఆసుపత్రిలో తనకు ఏం చేశారో ఆమె ఎవరికీ చెప్పలేదు. ఇవాళ చెప్పి తీరాలి. ఆటిజం ఉన్నవాళ్ళందరూ కలిసి పెట్టిన షరతు ఒక్కటే, చప్పట్లు కొట్టకూడదని. ఆ మోత వాళ్ళ చెవుల్లో మేకుల్లా దిగుతుంది. మెచ్చుకోవాలంటే చేతులెత్తి ఆడిస్తే చాలు. గుమ్మం దగ్గర పెద్ద అక్షరాలతో బోర్డు కూడా పెట్టారు.

పదవిలో ఉన్నవాళ్ళు ముందు మాట్లాడకపోతే అక్కడ ఏ సభా మొదలవదు. డిప్యూటీ మేయర్ "మీ గొంతులు వినడానికే వచ్చాం" అంటూ అరగంట తన గొంతే వినిపించాడు. చివర్లో "ఏదీ, క్లోతిల్డ్‌కి గట్టిగా చప్పట్లు!" అని తనే మొదలుపెట్టాడు. హాలంతా అందుకుంది. బోర్డు చదివినవాళ్ళు కూడా కొట్టారు, సిగ్గు లేకుండా.

క్లోతిల్డ్‌కు నోరు పెగల్లేదు. ఇలాంటప్పుడు ఆమె టాబ్లెట్‌లో టైపు చేస్తుంది, అది పైకి చదువుతుంది. కానీ ఇప్పుడు రెండు చేతులతో చెవులు మూసుకుని ఉంది. ఒక్క నిమిషం ఆగితే సర్దుకునేది.

"అయ్యో పాపం, బెదిరిపోయింది," అంది సోలాంజ్. "పర్లేదు, వాళ్ళమ్మగారున్నారుగా. మార్త్ గారూ, మీరే వచ్చి చెప్పేయండి. అవతల విందుకు వేసిన గాలెట్ అట్లు చల్లారిపోతున్నాయి."

ముందు వరసలోంచి మార్త్ లేచి మైకు అందుకుంది. కూతురి బదులు మాట్లాడటం ఆమెకు ఎప్పటినుంచో అలవాటే.

"నా బంగారుతల్లి చిన్నప్పుడు ఒకటే అరుపులండీ. ఆసుపత్రిలో చల్లటి తడి దుప్పట్లలో బిగించి చుట్టేవాళ్ళు. డాక్టర్లే మంచిదన్నారు, నేను సంతకం పెట్టాను. నాలుగు రోజులు ఏడ్చింది. ఆ తర్వాత చూడండీ, ఎంత బుద్ధిగా తయారైందో!"

క్లోతిల్డ్ ఒళ్ళు మండిపోయింది. తన బతుకును తన కళ్ళముందే తలకిందులు చేసి పదిమందికీ పంచిపెడుతోంది అమ్మ. ఆ కోపంలో చేతులు చెవుల మీంచి దిగాయి, టాబ్లెట్ మీద వేళ్ళు చకచకా కదిలాయి. శబ్దం పూర్తిగా పెంచింది.

"అబద్ధం," అంది టాబ్లెట్.

మార్త్ మైకు దించింది.

"నేను బుద్ధిమంతురాల్ని కాలేదు. ఎంత అరిచినా ఎవరూ రారని తెలుసుకున్నాను. అందుకే మానేశాను. అప్పుడు నాకు ఆరేళ్ళు."

"క్లోతిల్డ్, నువ్వు కాస్త శాంతంగా..." సోలాంజ్ గొణిగింది.

"నన్ను 'మీరు' అనండి. నా పది నిమిషాలు ఇంకా అవలేదు."

"అదీ దెబ్బంటే!" అని వెనక వరసలో లియేజ్ నుంచి వచ్చిన ఒకాయన పకపకా నవ్వాడు. చేతులు పైకి లేచి ఆడసాగాయి.

"చేతులు దించండి. నన్ను మెచ్చుకోవద్దు. పిల్లల్ని అలా చుట్టినవాళ్ళూ, చుట్టమని సంతకం పెట్టినవాళ్ళూ ఈ హాల్లో ఉంటే లేచి నిలబడండి."

ఒక్కరూ కదల్లేదు. డిప్యూటీ మేయర్ తన బూట్లు చూసుకున్నాడు. సోలాంజ్ మెడలో గొలుసు సర్దుకుంది. నిలబడి ఉన్నది మార్త్ ఒక్కతే. వెనక్కి చెయ్యి చాచి కుర్చీ తడుముకుంది, కూర్చోబోయి సగంలో ఆగింది. అందరూ తననే చూస్తున్నారు.

"అలాగే నిలబడమ్మా," అంది టాబ్లెట్. "మొదటినుంచీ చెప్తాను."