అదుపు తప్పిన మాట

తెల్లవారకముందే మూసిన దుకాణాల అరుగుల మీద పేపరు కట్టలు దిగాయి. తమ్ముడిని మట్టిచేసి ఒక్క రాత్రే గడిచినా అన్న పనిలోకి వచ్చాడు. జరిగింది జరిగినట్టు విలేకరికి తానే చెప్పాడు. అచ్చులో చూసుకుందామని వచ్చాడు. ఇంటి దగ్గర బయల్దేరుతున్నప్పుడు తమ్ముడి భార్య గుమ్మంలోంచి అడిగింది.

"బావగారూ, ఆయనది తొందరపడే గుణం కాదని విలేకరితో చెప్పారు కదా?"

"చెప్పానమ్మా."

అరుగు మీద కూర్చుని కట్ట విప్పాడు. 'అదుపు తప్పి ట్యాంకర్‌ను ఢీకొన్న బైకు. యువకుడి దుర్మరణం. అతివేగమే కారణం.'

టైరు పంచరైతే, ఇంజను ఆపి, రోడ్డు వారగా బండిని నెట్టుకుంటూ పోతున్న మనిషి అతను. అన్న పక్కనే నడుస్తున్నాడు. వెనక నుంచి వచ్చిన నీళ్ల ట్యాంకరు తమ్ముణ్ణి, బండిని కలిపి ఈడ్చుకుపోయింది. దేవుడు అన్నీ చూస్తాడంటారు. చూసే ఆయన చెప్పడు, చెప్పేవాళ్లు చూడలేదు. చూసి చెప్పిన బీదవాడి మాట ఎవరికీ పట్టలేదు.

అన్న పేపర్లు మడవకుండా కట్ట పక్కనే కూర్చుండిపోయాడు. తోటివాళ్లు చుట్టూ చేరారు. అందరివీ బండ్ల మీద తిరిగి పేపర్లు వేసే బతుకులే.

"కారులోవాడు పోతే ప్రమాదం. బండి మీదవాడు పోతే పొగరు," అన్నాడొకడు.

అందరికంటే నెమ్మదిగా తోలతాడని 'నత్త' అని పేరుపడ్డవాడు గొంతు సవరించుకున్నాడు. "రేపు నేను పోయినా అతివేగమనే రాస్తారు."

ఎవరో నవ్వబోయారు.

కట్టలు పంచే పేపరు ఏజెంటు విసుక్కున్నాడు. "పోయినోడు ఎలాగూ తిరిగిరాడు. పొద్దెక్కుతోంది, కదలండి."

"మా మరదలుండే వీధికి వేసేది నేనే," అన్నాడు అన్న. "ఇంటింటికీ ఈ అబద్ధం నా చేత్తోనే వెయ్యాలా?"

"నువ్వు మానితే ఇంకొకడు వేస్తాడు."

"ఎవడేస్తాడు?" నత్త తన కట్ట తెచ్చి ఏజెంటు కాళ్ల ముందు పెట్టాడు. ఇంకొకడు పెట్టాడు. మిగతావాళ్లూ పెట్టారు. రోడ్డుకవతల వేరే పేపరు సర్దుకుంటున్నవాళ్లు సంగతి విని తమ దాంట్లో తిరగేసి చూశారు. అందులోనూ అదే మాట. వాళ్లూ కట్టలు మోసుకొచ్చి పక్కన పడేశారు.

పొద్దెక్కింది. ఏజెంటు ఫోను మోగుతూనే ఉంది. చివరికి విసిగి దాన్ని అన్న చేతిలో పెట్టాడు. "నువ్వే చెప్పుకో."

"పేపరు రాలేదేంటయ్యా?" అవతల ఎవరో పెద్దమనిషి.

"ఇవాళ రాదండి." అన్నాడు అన్న. "మా తమ్ముడు బండి నెట్టుకుంటూ పోయాడండి. అది రాసిన రోజు వేస్తాం."

అవతల పెట్టేశారు. వెంటనే మళ్లీ మోగింది.

నత్త చెయ్యి చాచాడు. "ఇటియ్యన్నా. ఈసారి నేను చెప్తా."